తడితే మోగే కెపాసిటర్, బుసకొట్టే రెసిస్టర్: ఆడియో సర్క్యూట్‌లో ఏ చోట ఏ పార్టు?

ఆడియో సర్క్యూట్‌లో గోల వినిపించగానే చాలామంది పేర్లు చూసి పార్టులు మార్చేస్తారు. కార్బన్ రెసిస్టర్లు పీకి మెటల్ ఫిల్మ్ వేస్తారు, సిరామిక్ తీసి పాలీప్రొపిలీన్ పెడతారు, పాత ఐసీ బదులు ఖరీదైన ఐసీ గుచ్చుతారు. వీటిలో చాలా మార్పులకు ఫలితం కనిపించదు, కొన్నిటికి గోల ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే పార్టు ఎంత గోల చేస్తుందన్నది అది కూర్చున్న చోటును బట్టి ఉంటుంది. దాని మీద ఎంత డీసీ వోల్టేజి ఉంది, ఆ నోడ్ (పార్టులు కలిసే బిందువు) ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు అడ్డు, ఎంత, అక్కడి నుంచి ఔట్‌పుట్ దాకా ఇంకా ఎంత గెయిన్ (సిగ్నల్ పెంపు) ఉంది: ఈ మూడూ చూడకుండా ఏ పార్టు మంచిదని అడిగితే జవాబు దొరకదు.

ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకటి, పార్టు తనంతట తాను పుట్టించే నాయిస్: బుస, చిటపట. రెండోది మైక్రోఫోనిక్ గుణం: పార్టు కదిలితే, తడితే, స్పీకర్ అదురు తగిలితే ఆ కదలికను సిగ్నల్‌గా మార్చేయడం. ఒకదానికి మందు రెండోదానికి పనిచేయదు.

ముందు ఏ గోలో తేల్చుకోండి

వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. గోల అలాగే ఉంటే అది వాల్యూమ్ తర్వాతి స్టేజీలది, లేదా పవర్ సప్లైది. పోతే ముందు స్టేజీలది. అప్పుడు వాల్యూమ్ పెంచి, ఇన్‌పుట్ జాక్‌లో షార్ట్ చేసిన ప్లగ్ పెట్టండి. బుస తగ్గకపోతే మొదటి స్టేజీ తనే పుట్టిస్తోంది. బాగా తగ్గితే సోర్సు (సిగ్నల్ ఇచ్చే పరికరం) ఇంపీడెన్స్, కేబుల్, లేదా ఆ ఐసీ ఇన్‌పుట్ కరెంట్ నాయిస్ వైపు చూడాలి. క్రమం లేని చిటపట అయితే డీసీ మోస్తున్న రెసిస్టర్, లీకేజీ ఉన్న కెపాసిటర్, లేదా సరిగా అతకని సోల్డర్ జాయింట్ అనుకోవాలి. ఫ్రీజ్ స్ప్రే ఒక్కో పార్టు మీద కొంచెం కొట్టి చూస్తే దోషి దగ్గర చిటపట మారుతుంది.

మైక్రోఫోనిక్ పరీక్షకు ఎండిన చెక్క పుల్ల గానీ ప్లాస్టిక్ కడ్డీ గానీ వాడండి. పెన్సిల్ ముల్లు వాడొద్దు, గ్రాఫైట్ కరెంటు మోస్తుంది. చాలా మెల్లగా తట్టాలి. గట్టిగా కొడితే బోర్డంతా వంగి, ఎక్కడ కొట్టినా మోతే వినిపిస్తుంది. వాల్వ్ (గాజు ట్యూబ్) ఆంప్ అయితే లోపల 250 నుంచి 400 వోల్టుల దాకా ఉంటుంది. ఒక చేయి వెనక్కి పెట్టుకుని తట్టండి. సోల్డర్ చేసే ముందు ఫిల్టర్ కెపాసిటర్లను రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటర్‌తో చూశాకే చేయి పెట్టండి.

కెపాసిటర్లు: తేడా ఎక్కువ కనిపించేది ఇక్కడే

సిరామిక్ కెపాసిటర్లన్నీ ఒకే జాతి కావు. ఎక్స్7ఆర్, ఎక్స్5ఆర్, వై5వీ అని రాసినవి క్లాస్ 2 రకం. వాటి లోపల ఉండేది బేరియం టైటనేట్, అది పీజోఎలక్ట్రిక్ పదార్థం. ఒత్తితే వోల్టేజి పుడుతుంది, వోల్టేజి మారితే ఒళ్లు కదులుతుంది. అందుకే ఇవి రెండు వైపులా తంటా పెడతాయి: అదురును సిగ్నల్‌గా మారుస్తాయి, సప్లై మీద రిపిల్ (మిగిలిన ఏసీ అల) ఉంటే బోర్డును చిన్న స్పీకర్‌లా పాడిస్తాయి. సీ0జీ, అంటే ఎన్‌పీ0, క్లాస్ 1 రకం. దీనికి పీజో గుణం లెక్కలోకి రానంత తక్కువ, ఉష్ణోగ్రతతో మార్పు డిగ్రీకి 30 పీపీఎం లోపే. ఎక్స్7ఆర్ అయితే మైనస్ 55 నుంచి 125 డిగ్రీల మధ్య 15 శాతం దాకా అటూఇటూ అవుతుంది. పైగా దాని విలువ డీసీ వోల్టేజితో పడిపోతుంది. 0805 సైజులో (బోర్డు మీద అతికే చిన్న పార్టుల కొలత కోడు) 10 మైక్రోఫారడ్ల ఎక్స్5ఆర్ మీద రేటింగుకు దగ్గరి డీసీ పెడితే సగానికి పైగా విలువ పోవడం మామూలే.

లీనియర్ టెక్నాలజీ వారి ఎల్‌టీ1761 రెగ్యులేటర్ డేటాషీట్‌లో సిరామిక్ బైపాస్ కెపాసిటర్‌ను పెన్సిల్‌తో మెల్లగా తడితే ఔట్‌పుట్‌లో వచ్చే తరంగాన్ని బొమ్మ వేసి మరీ చూపించారు. రెగ్యులేటర్ తక్కువ నాయిస్‌దని కొని, దాని బైపాస్ పిన్ మీద ఎక్స్7ఆర్ వేస్తే కొన్న లాభం అక్కడే పోతుంది.

అలాగని ఎక్స్7ఆర్‌ని బోర్డు నుంచి వెళ్లగొట్టనక్కర్లేదు. ఆప్‌యాంప్ (సిగ్నల్ పెంచే ఐసీ) సప్లై పిన్నుల పక్కన 100 నానోఫారడ్ల డీకప్లింగ్‌కి, అంటే సప్లైని నిలకడగా ఉంచే పనికి, అది బాగానే సరిపోతుంది. అక్కడ ఇంపీడెన్స్ తక్కువ, పైగా సప్లై మీది చిన్న కదలికలను ఐసీ చాలావరకు అణిచేస్తుంది. డిజిటల్ వైపు నిశ్చింతగా వాడండి. పెట్టకూడని చోట్లు ఇవి: సిగ్నల్ కప్లింగ్ (డీసీని ఆపి సిగ్నల్‌ను తర్వాతి స్టేజీకి పంపే చోటు), ఫిల్టర్లు, ఫీడ్‌బ్యాక్, వోల్టేజి రిఫరెన్స్ పిన్ను, ఇంకా మైక్ బయాస్ ఫిల్టర్. చివరిది చాలామంది మరిచిపోతారు. ఎలెక్ట్రెట్ మైక్‌కి 2.2కె (కె అంటే వెయ్యి ఓమ్‌లు) రెసిస్టర్ ద్వారా బయాస్, అంటే పనిచేయడానికి కావాల్సిన డీసీ, ఇస్తూ, దాని ముందు 10 మైక్రోఫారడ్ల ఎక్స్5ఆర్ పెడితే, ఆ కెపాసిటర్‌లో పుట్టిన ప్రతి టక్కూ రెసిస్టర్ గుండా నేరుగా మైక్ సిగ్నల్‌లో కలుస్తుంది. ఆ తర్వాత 40 డీబీ గెయిన్. అక్కడ అల్యూమినియం ఎలక్ట్రోలైటిక్ గానీ టాంటలం గానీ వేయండి, రెండూ పీజో జాతి కావు.

ఏ విలువకు ఏది? 10 నానోఫారడ్ల దాకా సీ0జీ సులభంగా దొరుకుతుంది, 1206 సైజుకు వెళ్తే 100 నానోఫారడ్ల దాకా కూడా. అది దాటితే ఫిల్మ్. ఆపైన, పది మైక్రోఫారడ్లు దాటాక, ఎలక్ట్రోలైటిక్‌ని నిర్భయంగా వాడండి. దాని మీద ఆడియో వోల్టేజి పడనంత పెద్ద విలువ వేయడమే కిటుకు. 10కె లోడు ముందు 47 మైక్రోఫారడ్లు వేస్తే కటాఫ్ (సిగ్నల్ తగ్గడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) 0.34 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, 20 హెర్ట్జ్ దగ్గర కూడా కెపాసిటర్ మీద నామమాత్రపు వోల్టేజే మిగులుతుంది.

ఫిల్మ్ కెపాసిటర్లకు మైక్రోఫోనిక్ గుణం లేదనుకోవడం పొరపాటు. పీజో గుణం లేదు, నిజమే. కానీ డీసీతో ఛార్జ్ అయిన ఏ కెపాసిటర్‌లోనైనా పలకల దూరం మారితే వోల్టేజి మారుతుంది. మార్పు ఎంతంటే, కెపాసిటెన్స్ ఎంత వంతు మారిందో డీసీలో అంత వంతు. వాల్వ్ ప్రీఆంప్‌లో కప్లింగ్ కెపాసిటర్ మీద 200 వోల్టులుంటే, కెపాసిటెన్స్ పది లక్షల్లో ఒక వంతు కదిలినా 200 మైక్రోవోల్టులు పుడుతుంది. లోడు 1 మెగ్ (పది లక్షల ఓమ్‌లు) అయితే అది చెక్కుచెదరకుండా తర్వాతి వాల్వ్ గ్రిడ్‌కి, అంటే దాని ఇన్‌పుట్‌కి, చేరుతుంది. అదే కెపాసిటర్ డీసీ లేని లైన్ స్టేజీలో ఉంటే కిక్కురుమనదు.

అందుచేత ఎక్కువ డీసీ ఉన్నచోట గట్టిగా చుట్టి, ఎపాక్సీలో ముంచిన చిన్న కెపాసిటర్ మేలు. సన్నటి కాళ్ల మీద నిలబడ్డ పెద్ద పాలీప్రొపిలీన్ గొట్టం దూలంలా ఊగుతుంది. 630 వోల్టుల రకం చాలినచోట 1000 వోల్టులది కొని బోర్డు మీద వేలాడదీసేవాళ్లు ఈ సంగతి గమనించాలి. పెద్దదే వేయాల్సి వస్తే దాని ఒంటిని న్యూట్రల్ క్యూర్ సిలికోన్‌తో బోర్డుకు అంటించండి. వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ వద్దు, దాని ఆమ్లం రాగిని తినేస్తుంది. పాలిస్టరా, పాలీప్రొపిలీనా అంటే మైక్రోఫోనిక్ విషయంలో పదార్థం కంటే చుట్టిన బిగువే ఎక్కువ మాట్లాడుతుంది. ఫిల్టర్లో కచ్చితత్వం కావాలంటే మాత్రం పాలీప్రొపిలీన్.

ఫిల్మ్ కెపాసిటర్లో బయటి రేకు ఏ కాలికి కలిసిందో కూడా హై ఇంపీడెన్స్ చోట లెక్కలోకి వస్తుంది. కెపాసిటర్‌ను వేళ్లతో పట్టుకుని రెండు కాళ్లనూ ఆసిల్లోస్కోప్ ప్రోబుకు కలపండి, తర్వాత తిప్పి కలపండి. హమ్ తక్కువ కనిపించినప్పుడు గ్రౌండ్ క్లిప్ ఏ కాలికి ఉందో అది బయటి రేకు. సర్క్యూట్‌లో దాన్ని తక్కువ ఇంపీడెన్స్ వైపు, అంటే ముందు స్టేజీ వాల్వ్ ప్లేట్ (ఔట్‌పుట్) వైపు పెట్టాలి.

పాత రేడియోల్లో చిటపటకు సిల్వర్ మైకా మీద కన్నేయండి. డీసీ కింద ఏళ్ల తరబడి ఉంటే వెండి మైకా మీదుగా పాకి అప్పుడప్పుడు షార్టవుతుంది. కొత్తవాటితో ఆ బెడద లేదు, అయినా ఆ విలువలకు సీ0జీ చౌకగా దొరుకుతుంటే మైకా ఎందుకో?

చేతిలో ఉన్న రెండు మూడు రకాల్లో ఏది మేలో తేలకపోతే కొలిచి చూడండి. 9 వోల్టుల బ్యాటరీ నుంచి 1 మెగ్ రెసిస్టర్ ద్వారా పరీక్షించే కెపాసిటర్‌కు డీసీ ఇవ్వండి, రెండో కాలు గ్రౌండ్‌కి. ఆ నోడ్ నుంచి 100 నానోఫారడ్ల ఫిల్మ్ కెపాసిటర్ ద్వారా జెఫెట్ (ఇన్‌పుట్ కరెంట్ దాదాపు లాగని ట్రాన్సిస్టర్) ఇన్‌పుట్ ఆప్‌యాంప్‌కి, దాని ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 1 మెగ్, గెయిన్ 100. ఆంప్ వేరే బోర్డు మీద ఉండాలి, మధ్యలో మెత్తటి సన్న తీగ, మొత్తం రేకు డబ్బాలో. లేకపోతే మీరు కొలిచేది కప్లింగ్ కెపాసిటర్ అదురుని. 1 మైక్రోఫారడ్ అయితే ఐదారు సెకన్లు, 10 అయితే ఒక నిమిషం ఆగి, ప్రతిసారీ ఒకే ఎత్తు నుంచి చిన్న ప్లాస్టిక్ పూసను పక్కనే పడేసి రికార్డు చేయండి. తర్వాత బ్యాటరీ తీసి, నోడ్‌ను ఖాళీ చేసి మళ్లీ పడేయండి. ఫిల్మ్ అయితే మోత మాయమవుతుంది. క్లాస్ 2 సిరామిక్‌లో కొంత మిగలవచ్చు.

రెసిస్టర్లు: రకం మార్చాలా, విలువ తగ్గించాలా

ప్రతి రెసిస్టర్లోనూ వేడి వల్ల పుట్టే నాయిస్ ఉంటుంది. దానికి పార్టు రకంతో పని లేదు, విలువ ఒక్కటే ముఖ్యం. గది ఉష్ణోగ్రత దగ్గర 1కె రెసిస్టర్‌కు రూట్ హెర్ట్జ్‌కు 4 నానోవోల్టులు, 100కె అయితే 40 (ఈ అంకెను ఫ్రీక్వెన్సీ వెడల్పు వర్గమూలంతో గుణిస్తే మొత్తం నాయిస్ వస్తుంది). 20 కిలోహెర్ట్జ్ వెడల్పు మీద లెక్కిస్తే 1కె దగ్గర 0.57 మైక్రోవోల్టులు, 100కె దగ్గర 5.7. ఎంత ఖరీదైన రెసిస్టర్ కొన్నా ఈ అంకె కదలదు.

రకాన్ని బట్టి మారేది అదనపు నాయిస్. అది రెసిస్టర్ మీద డీసీ ఉంటేనే పుడుతుంది, డీసీతోపాటు పెరుగుతుంది, కింది ఫ్రీక్వెన్సీల్లో ఎక్కువ. కార్బన్ కాంపొజిషన్ అన్నిటికంటే అధ్వాన్నం. తర్వాత థిక్ ఫిల్మ్, కార్బన్ ఫిల్మ్. మెటల్ ఫిల్మ్, థిన్ ఫిల్మ్ చాలా మేలు. వైర్‌వౌండ్‌లో దాదాపు ఉండదు.

ఒక లెక్క వేద్దాం. వాల్వ్ ప్లేట్ లోడు 100కె, దాని మీద 150 వోల్టులు. కార్బన్ కాంపొజిషన్‌కు ప్రతి వోల్టుకూ, ప్రతి డికేడ్‌కూ (ఫ్రీక్వెన్సీ పది రెట్లయ్యే మేర) 1 మైక్రోవోల్ట్ అదనపు నాయిస్ అనుకుంటే, ఆడియో మూడు డికేడ్లలో సుమారు 260 మైక్రోవోల్టులు (డికేడ్ల నాయిస్ వర్గమూలం లెక్కన కలుస్తుంది). మెటల్ ఫిల్మ్‌కు 0.05 అనుకుంటే 13. ఇదంతా ఔట్‌పుట్‌కి రాదు: 12ఏఎక్స్7 వాల్వ్ ప్లేట్ రెసిస్టెన్స్ 62కె కాబట్టి రెండూ పంచుకుని 38 శాతం మాత్రమే మిగులుతుంది. అయినా ఇరవై రెట్ల తేడా తేడాయే. ఈ చోట మెటల్ ఫిల్మ్ వేయడం డబ్బుకు తగిన పని. వాటేజీ రెట్టింపు రకం వేస్తే ఇంకొంచెం మేలు, ఒంటి పరిమాణం పెరిగేకొద్దీ అదనపు నాయిస్ తగ్గుతుంది.

అదే ఆంప్‌లో గ్రిడ్ స్టాపర్ (గ్రిడ్‌కు సిరీస్‌లో ఉండే రెసిస్టర్) 68కె సంగతి చూడండి. దాని మీద డీసీ లేదు. కార్బన్ తీసి మెటల్ ఫిల్మ్ వేస్తే ఏమీ మారదు, 4.7 మైక్రోవోల్టుల వేడి నాయిస్ అలాగే ఉంటుంది. దాన్ని 10కె చేస్తే 1.8కి దిగుతుంది, 8 డీబీ లాభం. వాల్వ్ ఇన్‌పుట్ కెపాసిటెన్స్ 150 పికోఫారడ్లు అనుకుంటే 68కెతో కటాఫ్ 15.6 కిలోహెర్ట్జ్, 10కెతో 106. రేడియో చొరబాటును 10కె కూడా ఆపుతుంది, కాకపోతే సాకెట్ పిన్ను మీదే నేరుగా సోల్డర్ చేయాలి. వాల్వ్ ఆంప్‌లు బాగుచేసేవాళ్లలో సగంమంది ఇక్కడ విలువ వదిలేసి రకం మారుస్తూ ఉంటారు.

ఎస్‌ఎండీ (కాళ్లు లేని చిన్న పార్టుల) బోర్డుల్లో మామూలుగా దొరికేవి థిక్ ఫిల్మ్. డీసీ లేని ఫీడ్‌బ్యాక్‌లో, పెద్ద సిగ్నల్ లేనిచోట వాటితో ఇబ్బంది లేదు. మొదటి స్టేజీ, రిఫరెన్స్ డివైడర్, పెద్ద సిగ్నల్ పడే ఫీడ్‌బ్యాక్: ఈ మూడుచోట్లా థిన్ ఫిల్మ్ వేయండి. 0402 బదులు 0805 లేదా 1206.

కండెన్సర్ మైక్ లోపల లెక్క తలకిందులవుతుంది. క్యాప్సూల్ 50 పికోఫారడ్లు, గేట్ రెసిస్టర్ 1 గిగా ఓమ్ అయితే కటాఫ్ 3.2 హెర్ట్జ్. ఆ పైన రెసిస్టర్ నాయిస్‌ను క్యాప్సూల్ కెపాసిటెన్సే మింగేస్తుంది, కాబట్టి రెసిస్టర్ ఎంత పెద్దదైతే వినిపించే బుస అంత తక్కువ. నాయిస్ తగ్గుతుందని 100 మెగ్‌కి దించితే బుస మూడు రెట్లవుతుంది.

వాల్వులు

వాల్వ్ లోపలి గ్రిడ్ తీగ అదిరితే ప్లేట్ కరెంట్ మారుతుంది. మొదటి స్టేజీలో ఉన్నదాని అదురే ప్రాణం తీస్తుంది. కాంబో ఆంప్‌లో స్పీకర్ అదే పెట్టెలో ఉంటుంది కనుక లూపు పూర్తయి కూత మొదలవుతుంది. ఈఎఫ్86 పెంటోడ్ వాల్వ్‌కు గెయిన్ ఎక్కువ. దాన్ని హైఫై ప్రీఆంప్‌లో, స్పీకర్‌కు దూరంగా పెడితే మంచి పార్టే. కాంబోలో అది తలనొప్పి. వోక్స్ ఏసీ30 గిటార్ ఆంప్ మొదట్లో ఈఎఫ్86తో వచ్చి, తర్వాత ఈసీసీ83కి (12ఏఎక్స్7కే ఇంకో పేరు) మారింది.

ఒకే రకం నాలుగు కొని, మొదటి సాకెట్‌లో ఒక్కొక్కటీ పెట్టి తట్టి చూడటం అన్నిటికంటే చౌకైన మార్గం. "టిక్" అని ఆగిపోయేది మంచిది, "టింగ్" అని సాగేది చెడ్డది. సాగేదాన్ని పారేయక్కర్లేదు, ఫేజ్ ఇన్వర్టర్‌లో (చివరి పవర్ వాల్వులను నడిపే స్టేజీ) పెట్టండి. అక్కడ సిగ్నల్ పెద్దది, ఔట్‌పుట్ దాకా మిగిలిన గెయిన్ తక్కువ. గెయిన్ మిగులు ఉన్న ఆంప్ అయితే 12ఏఎక్స్7 బదులు యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 70 ఉన్న 5751, లేదా 44 ఉన్న 12ఏవై7 ప్రయత్నించండి, పిన్నులు అవే. 1950ల ఫెండర్ ట్వీడ్ ఆంప్‌లు కొన్నిటిలో మొదటి వాల్వ్ 12ఏవై7యే.

గాజు చుట్టూ వేసే రింగులు సిలికోన్‌వి అయితేనే కొనండి, 200 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. నైట్రైల్ రబ్బరు వేడికి గట్టిపడి, పగిలి పోతుంది. రింగు టింగ్ నిడివిని కొంత తగ్గిస్తుంది, చెడ్డ వాల్వును మంచిది చేయదు. సాకెట్‌ను రబ్బరు గ్రామెట్ల మీద వేలాడదీస్తే ఇంకా ఎక్కువ ఫలితం. అప్పుడు తీగలు మెత్తటి స్ట్రాండెడ్ వైరుతో, వదులుగా ఉండాలి. గట్టి సింగిల్ తీగలు బిగిస్తే అదురంతా వాటి గుండానే ఎక్కుతుంది. హీటర్‌ను డీసీకి మార్చితే తగ్గేది హమ్ మాత్రమే.

ఆప్‌యాంప్‌లు: సోర్సు ఇంపీడెన్స్ చూసి కొనండి

ఐసీ చిప్ తట్టితే మోగదు. మోగితే సాకెట్ కాంటాక్ట్ వదులైందని అర్థం. ఇక్కడ చూడాల్సింది రెండంకెలు, వోల్టేజి నాయిస్, కరెంట్ నాయిస్. ఎన్‌ఈ5532కు రూట్ హెర్ట్జ్‌కు 5 నానోవోల్టులు, 0.7 పికోఆంపియర్లు. టీఎల్072కు 18 నానోవోల్టులు, కరెంట్ నాయిస్ లెక్కలోకి రానంత తక్కువ. ఓపీఏ1612కు 1.1 నానోవోల్టులు, 1.7 పికోఆంపియర్లు.

కరెంట్ నాయిస్ సోర్సు రెసిస్టెన్స్‌తో గుణించి వోల్టేజి అవుతుంది. అందుకే సుమారు 25కె లోపు 5532 గెలుస్తుంది, అది దాటితే ముసలి టీఎల్072 గెలుస్తుంది. 100కె దగ్గర 5532 కరెంట్ నాయిస్ 70 నానోవోల్టులు, రెసిస్టర్ సొంత నాయిస్ 40 కంటే ఎక్కువ. ఓపీఏ1612 అయితే 3కె దాటగానే 5532కి ఓడిపోతుంది. గిటార్ పికప్, పీజో, 100కె వాల్యూమ్ పాట్ (తిప్పే రెసిస్టర్) తర్వాత దాన్ని పెట్టడం దండగ. తక్కువ ఇంపీడెన్స్ డైనమిక్ మైక్, రికార్డు ప్లేయర్ మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ దాని చోటు. ఎక్కువ ఇంపీడెన్స్‌కు మంచిది కావాలంటే ఓపీఏ1642: 5.1 నానోవోల్టులు, ఇన్‌పుట్ జెఫెట్. వాల్యూమ్ పాట్‌ను 100కె నుంచి 10కెకి మార్చగలిగితే ఐసీ మార్చడం కంటే ఎక్కువ లాభం. పాట్ మధ్యలో సోర్సు 25కె బదులు 2.5కె అవుతుంది. కాకపోతే ముందున్న స్టేజీ 10కె లోడును మోయగలగాలి.

టీఎల్072 ఉన్నచోట 5532 గుచ్చేటప్పుడు బయాస్ కరెంట్ (ఐసీ ఇన్‌పుట్‌లో పారే డీసీ) చూసుకోండి. మామూలుగా 200 నానోఆంపియర్లు, 100కె గుండా పోతే 20 మిల్లీవోల్టుల డీసీ. అది పాట్ మీద పడితే తిప్పినప్పుడల్లా గరగర. వేగమైన కొత్త ఐసీలను పాత బోర్డులో పెడితే ఆసిలేట్ కావచ్చు, సప్లై పిన్నులకు ఆనించి 100 నానోఫారడ్లు వేశాకే స్కోప్‌లో చూడండి.

కేబుళ్లు

కేబుల్‌ను నేల మీద లాగితే గరగరమంటోందా? ఇన్సులేషన్, అల్లిక ఒకదాన్నొకటి రాసుకుని ఛార్జ్ పుట్టిస్తున్నాయి. 600 ఓమ్‌ల లైన్లో ఇది వినిపించదు. 1 మెగ్ ఇన్‌పుట్‌లో బాగా వినిపిస్తుంది. ఇన్సులేషన్ మీద కార్బన్ కలిపిన వాహక పొర ఉన్న ఇన్‌స్ట్రుమెంట్ కేబుల్ కొంటే చాలావరకు పోతుంది. కేబుల్ కొసను కోసేటప్పుడు ఆ నల్లపొరను మధ్య తీగ నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి ఒలవండి, తగిలితే సిగ్నల్ గ్రౌండ్‌కి లీకవుతుంది. పీజో పికప్ అయితే కేబుల్ మార్చేకంటే పికప్ పక్కనే జెఫెట్ బఫర్ పెట్టండి. బఫర్ తర్వాత ఏ కేబులైనా ఫర్వాలేదు.